మనిషికి ఏ పని, యంత్రానికి ఏ పని: చిన్న, మధ్య తరహా కర్మాగారాల్లో పని పంపకానికి సమగ్ర మార్గదర్శి

జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పది, పదిహేను యంత్రాలు నడిపే యజమాని ఆటోమేషన్ గురించి ఆలోచన మొదలుపెట్టగానే ఆయన బల్ల మీదికి సాధారణంగా రెండు కాగితాలు చేరతాయి. ఒకటి రోబో అమ్మే సంస్థ ఇచ్చిన కొటేషన్. రెండోది ఆ రోబో వస్తే షిఫ్టుకు ఎంతమంది ఆపరేటర్లు తగ్గుతారో చూపే లెక్క. ఈ రెండింటికంటే ముందే సిద్ధం కావలసిన మూడో కాగితం, అంటే షాపులో వాస్తవంగా జరుగుతున్న పనుల పట్టిక, చాలాచోట్ల కనిపించదు. పంపకం ఆ పట్టిక నుంచే మొదలు కావాలి. కొనబోయే యంత్రం ఏమేం చేయగలదన్న ప్రశ్నతో మొదలుపెడితే, యంత్రం వదిలేసిన తుంపులు మాత్రమే మనిషి వంతుకు వస్తాయి. ఆ తుంపులతో ఎవరికీ ఒక పూర్తి పని ఏర్పడదు.

ఈ వ్యాసమంతటా ఒకే ఉదాహరణను వాడుతున్నాను: సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే, ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) మీద 25 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు పిన్నులు తయారు చేసే పని. ఇందులోని సమయాలు లెక్క వేసే పద్ధతిని చూపడానికి తీసుకున్నవి. మీ షాపులో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచిన అంకెలను వాటి స్థానంలో వేసుకోవాలి.

మొదటి అడుగు: పనిని విడగొట్టి రాయడం

'లేత్ ఆపరేటర్' అన్నది ఒక ఉద్యోగం పేరు, ఒక పని పేరు కాదు. ఆ పేరు కింద ఎన్ని పనులున్నాయో తెలియాలంటే యంత్రం పక్కన నిలబడి చూడాలి. తలుపు తీయడం, తయారైన జాబును (ముక్కను) దాన్ని బిగించి పట్టే చక్ నుంచి విడిపించడం, చక్ దవడల (జా) మధ్య ఇరుక్కున్న చిప్స్‌ను, అంటే లోహపు తురుమును, గాలి కొట్టి తొలగించడం, కొత్త ముక్కను బిగించి అది సరిగా కూర్చుందో లేదో చూసుకోవడం, తలుపు వేసి సైకిల్ స్టార్ట్ నొక్కడం, అది తిరుగుతుండగా ముందు తీసిన జాబు అంచున మిగిలిన పదునైన లోహపు పొరను (బర్) ఆకురాయితో తీయడం, మైక్రోమీటర్‌తో కొలవడం, ట్రేలో అమర్చడం. ఇంతవరకు ఎవరైనా రాయగలరు.

పట్టికకు అసలు విలువ ఇచ్చేవి ఆ తరువాతి వరుసలు. ఆపరేటర్ కటింగ్ శబ్దంలో వచ్చిన మార్పును విని ఇన్‌సర్ట్ (టూల్ కొనకు బిగించే, మార్చగల కోత ముక్క) మొద్దుబారుతోందని గుర్తిస్తాడు. చిప్స్ రంగు మారినా, పొడవుగా తీగల్లాగా సాగి జాబుకు చుట్టుకున్నా కారణం వెతుకుతాడు. ముడి రాడ్డు కొత్త లాట్ వచ్చినప్పుడు మొదటి రెండు మూడు జాబులను అదనంగా కొలుస్తాడు. షిఫ్టు మారేటప్పుడు, ఆఫ్‌సెట్ (సైజు సరిచేయడానికి టూల్ స్థానంలో చేసే దిద్దుబాటు) ఎప్పుడు ఎంత మార్చాడో తరువాతి వాడికి చెప్పి వెళతాడు. ఈ పనులు ఏ ప్రాసెస్ షీటులోనూ ఉండవు. అయినా రిజెక్షన్ తక్కువగా ఉండటానికి అసలు ఆధారం ఇవే. పట్టికలో చేరని పనిని యంత్రానికీ ఎవరూ అప్పగించరు, మనిషికీ అప్పగించరు. కొత్త ఏర్పాటు వచ్చిన మొదటి నెలలో అది ఎవరి చేతిలోనూ లేదని రిజెక్షన్ రూపంలో బయటపడుతుంది.

కాబట్టి పగటి షిఫ్టును మాత్రమే చూసి పట్టికను ముగించకండి. రాత్రి షిఫ్టును, షిఫ్టు మారే అరగంటను, ఒక సెట్టింగ్ మార్పును (యంత్రాన్ని వేరే జాబుకు సిద్ధం చేయడాన్ని), వీలైతే ఒక బ్రేక్‌డౌన్‌ను కూడా చూడాలి. రాసిన పట్టికను ఆ యంత్రం మీద చాలాకాలంగా పనిచేస్తున్న ఆపరేటర్‌కు చదివి వినిపించి, 'ఇందులో ఏం వదిలేశాం, అన్నా?' అని అడగడం ఈ దశలో అన్నింటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పని. పట్టిక ఎందుకోసమో కూడా ఆయనకు అప్పుడే దాపరికం లేకుండా చెప్పాలి. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉన్న మనిషి తనకు తెలిసినదాన్ని చెప్పడు, అలా చెప్పకపోవడం ఆయన తప్పూ కాదు. ఎవరినీ తీసివేయబోమన్న హామీ ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇవ్వలేకపోతే అబద్ధపు హామీ మాత్రం ఇవ్వకండి.

రెండో అడుగు: అక్కరలేని పనిని తీసివేయడం

ప్రతి వరుస ఎదుట వేసుకోవలసిన మొదటి ప్రశ్న, ఈ పని అసలు ఎందుకు జరుగుతోంది అన్నది. టెస్లా సంస్థ అనుభవం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. మోడల్ 3 కారు బ్యాటరీ ప్యాక్ పైన గ్లాస్ ఫైబర్ పరుపుల వంటి పలుచని పొరలను అతికించే పనిని రోబోలకు అప్పగించారు. మెత్తగా, ఆకారం నిలవకుండా ఉండే ఆ పొరలను రోబో చేయి సరిగా పట్టుకోలేకపోవడంతో ఉత్పత్తి అక్కడే నిలిచిపోయేది. రోబోను మెరుగుపరచడానికి, వేగం పెంచడానికి చాలా శ్రమపడిన తరువాత, ఆ పొరలు ఎందుకోసమని విచారిస్తే, బ్యాటరీ విభాగం వారు శబ్దం తగ్గించడానికని, శబ్ద విభాగం వారు మంటల నుంచి రక్షణకని చెప్పారు. పొర ఉన్న కారులోను, లేని కారులోను శబ్దాన్ని పోల్చి చూస్తే తేడా తెలియలేదు. దానితో ఆ పొరలనే తీసివేశారు. అతిగా ఆటోమేషన్ చేయడం తమ పొరపాటని ఎలాన్ మస్క్ 2018 ఏప్రిల్‌లో బహిరంగంగానే ఒప్పుకున్నారు. అంత డబ్బు, అంత మంది ఇంజనీర్లు ఉన్న సంస్థ తట్టుకోగలిగిన నష్టాన్ని మన చిన్న యూనిట్ తట్టుకోలేదు గనుక ఈ ప్రశ్న మనకు మరింత అవసరం.

మన పిన్ను విషయంలో ఈ ప్రశ్నకు తగిలే వరుస బర్ తీయడం. ప్రోగ్రాం చివర అంచును స్వల్పంగా ఏటవాలుగా కోసే (చాంఫర్) ఒక పాస్ చేర్చితే బర్ లేత్ మీదనే పోతుంది. దానికోసం రోబో గాని, అదనపు మనిషి గాని అక్కరలేదు. అలాగే ముక్క తిరగబడి బిగుసుకునే ప్రమాదముంటే, తిరగబడితే కూర్చోని విధంగా ముక్కను పట్టి ఉంచే ఫిక్స్చర్‌ను మార్చాలి. దానిని కనిపెట్టే కెమెరా ఆలోచన ఆ తరువాతే రావాలి. తక్కువ ఖర్చుతో అయ్యే ఇటువంటి మార్పులు పూర్తయ్యేవరకు ఏ కొటేషన్ మీదా సంతకం పెట్టవద్దన్నది నా గట్టి అభిప్రాయం.

మూడో అడుగు: చర్చ అక్కరలేని పనులను ముందే విడదీయడం

మిగిలిన వరుసల్లో కొన్నింటిని లెక్కలు లేకుండానే తేల్చవచ్చు. చేయి నలిగే చోటు, వేడి లోహం, విషవాయువు, పెయింట్ పొగ, నేల నుంచి మాటిమాటికీ ఎత్తవలసిన బరువు ఇవన్నీ యంత్రం వైపు వెళ్లాలి, లేదా పనిలోంచే తొలగిపోవాలి. బరువు ఎత్తడానికి ప్రపంచవ్యాప్తంగా వాడే అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూత్రంలో, అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నప్పటి గరిష్ఠ బరువే 23 కిలోలు. బరువు శరీరానికి దూరంగా ఉన్నా, నడుము తిప్పవలసి వచ్చినా, ఎక్కువసార్లు ఎత్తవలసి వచ్చినా ఆ పరిమితి వేగంగా తగ్గిపోతుంది. 'మనవాళ్లకు అలవాటే' అన్న మాటను ఇక్కడ లెక్కలోకి తీసుకోకూడదు. నలభై ఏళ్లకే నడుము పట్టుకున్న లోడింగ్ కార్మికులు ప్రతి పారిశ్రామికవాడలోనూ ఉన్నారు.

అదే విధంగా కొన్ని నిర్ణయాలు మనిషి వద్దనే ఉండాలి. అనుమానాస్పదమైన లాట్‌ను పంపాలా, ఆపాలా అన్నది, డ్రాయింగులో లేని లోపం కనిపించినప్పుడు కస్టమర్‌కు చెప్పాలా అన్నది, ప్రమాదం తరువాత యంత్రాన్ని తిరిగి ఎప్పుడు నడపాలన్నది ఈ కోవలోకి వస్తాయి. వీటికి జవాబు చెప్పవలసిన మనిషి పేరు పట్టికలో రాసి ఉండాలి.

నాలుగో అడుగు: మధ్యలో మిగిలిన పనులకు ప్రశ్నలు వేయడం

ఎటైనా ఇవ్వగల పనులే సంఖ్యలో ఎక్కువ. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1951లో విమాన రాకపోకల నియంత్రణపై తయారైన నివేదికలో మనిషి ఎందులో మెరుగు, యంత్రం ఎందులో మెరుగు అన్న జాబితా ఇచ్చారు. వేగం, బలం, విసుగులేని పునరావృతం, లెక్కల కచ్చితత్వం యంత్రానివి. చిన్న తేడాను పసిగట్టడం, అనుకోని పరిస్థితికి సర్దుకోవడం, అనుభవం నుంచి అంచనా వేయడం, సందర్భాన్ని బట్టి తీర్పు చెప్పడం మనిషివి. డెబ్బై ఏళ్ల తరువాత కెమెరాలు, నేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఆ సరిహద్దును కొంత జరిపాయి. జాబితాను అక్షరాలా అమలు చేయడం సరికాదు గాని, ప్రశ్నలు తయారు చేసుకోవడానికి అది ఇప్పటికీ పనికివస్తుంది.

నేను వాడే ప్రశ్నల్లో అన్నింటికంటే ముఖ్యమైనది తేడాల గురించి: వచ్చే ముక్క ప్రతిసారీ ఒకే ఆకారంలో, ఒకే చోట, ఒకే దిశలో ఉంటుందా? ఉంటే యంత్రం చేయగలదు. ట్రేలో కుప్పగా పడి ఉంటే, దాన్ని వరుసగా పేర్చే పని ఎవరిదో ముందు తేలాలి. ఎందుకంటే చాలా రోబో సెల్స్‌లో (రోబో, యంత్రం కలిసి పనిచేసే చోట్లలో) లోడింగ్ పోయి దాని స్థానంలో పేర్చే పని వచ్చింది. ఒక లాట్‌లో ఎన్ని జాబులు, నెలకు ఎన్నిసార్లు సెట్టింగ్ మారుతుంది అన్నది తరువాతి ప్రశ్న. రోజుకు మూడుసార్లు జాబు మారే షాపులో, ప్రతి మార్పుకూ ముక్కను పట్టే గ్రిప్పర్ వేళ్లను, ప్రోగ్రాంను మార్చవలసిన లోడర్ (ముక్కను తానే ఎక్కించి దించే పరికరం) ఎక్కువ సమయం ఖాళీగా నిలబడుతుంది. పొరపాటు జరిగితే అది వెంటనే కనిపిస్తుందా, కస్టమర్ దగ్గర బయటపడుతుందా అన్నది కూడా అడగాలి.

తదేకంగా చూస్తూ ఉండే పని మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. బ్రిటన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ మాక్‌వర్త్ రాడార్ పరిశీలకుల సమస్యను దృష్టిలో పెట్టుకుని చేసి 1948లో ప్రకటించిన ప్రయోగాల్లో, అరుదుగా వచ్చే చిన్న సంకేతాన్ని గుర్తించే శక్తి మొదటి అరగంటలోనే స్పష్టంగా తగ్గింది. కాబట్టి కన్వేయర్ మీద వెళ్లే వేలాది మంచి ముక్కల్లో ఎప్పుడో ఒకసారి వచ్చే పగుళ్ల ముక్కను పట్టుకోమని ఒక అమ్మాయిని ఎనిమిది గంటలు కూర్చోబెట్టడం, ఆ తరువాత ఒకటి తప్పిపోయినందుకు ఆమెను మందలించడం, రెండూ అన్యాయమే. ఆ చూపును కెమెరాకు అప్పగించి, కెమెరా తేల్చుకోలేక పక్కన పెట్టిన ముక్కల మీద తీర్పు చెప్పే పనిని ఆమెకు ఇవ్వాలి.

ఐదో అడుగు: సమయాల లెక్క

ఒక కాగితం మీద ఎడమవైపు ఆపరేటర్ పనులను, కుడివైపు యంత్రం పనిని, మధ్యలో సెకన్లను గీయండి. మన పిన్నుకు కటింగ్ సమయం 150 సెకన్లు. యంత్రం ఆగి ఉండగా దించడానికి, ఎక్కించడానికి 25 సెకన్లు. యంత్రం తిరుగుతుండగా ఆపరేటర్ చేసే పనులు: బర్ తీయడం 30, కొలత 20, గాలి కొట్టి శుభ్రం చేసి ట్రేలో పెట్టడం 15, మొత్తం 65 సెకన్లు. జాబుకు జాబుకు మధ్య 175 సెకన్లు పడుతుంది, దీన్నే యంత్రం చక్రం అంటున్నాను. అందులో ఆపరేటర్ పని 90 సెకన్లు.

ఒకే యంత్రం ఇస్తే మనిషి సగం సమయం నిలబడి ఉంటాడు. రెండు యంత్రాలు ఇస్తే ఆయన పని 180 సెకన్లు అవుతుంది, యంత్రం చక్రం కంటే 5 సెకన్లు ఎక్కువ. కాగితం మీద అది చిన్న తేడాగా కనిపిస్తుంది. వాస్తవంలో ఆ మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు, శబ్దం మారినా వినే తీరిక ఉండదు, తొందరలో మొదట వదిలేసేది కొలతనే. ఇక్కడికి వచ్చాకే చాలామంది 'లోడింగ్‌కు రోబో పెడదాం' అంటారు.

రెండో అడుగులో చెప్పిన చాంఫర్ పాస్‌ను ఇప్పుడు చేర్చి చూడండి. కటింగ్ సమయం 6 సెకన్లు పెరిగి చక్రం 181 సెకన్లు అవుతుంది. బర్ తీసే 30 సెకన్లు పోయి ఆపరేటర్ పని జాబుకు 60 సెకన్లకు, రెండు యంత్రాలకు 120 సెకన్లకు దిగుతుంది. ఉత్పత్తి రెండు యంత్రాల మీద గంటకు దాదాపు 40 జాబుల దగ్గరే నిలుస్తుంది. ఆపరేటర్ మీద భారం మాత్రం మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. ప్రతి చక్రంలో మిగిలిన 61 సెకన్లు చూసి మూడో యంత్రాన్ని కూడా అప్పగించాలన్న కోరిక కలుగుతుంది, ఎందుకంటే మూడు అరవైలు 180 సెకన్లే. అలా చేయకండి. ఇన్‌సర్ట్ మార్చడం, చిప్ ట్రే ఖాళీ చేయడం, కూలెంట్ చూడడం, సైజు ఎటు జరుగుతోందో రాసుకోవడం, మంచినీళ్లు తాగడం ఇవన్నీ ఆ 61 సెకన్లలోంచే రావాలి.

లోడర్ లేదా రోబో న్యాయంగా రంగంలోకి వచ్చే సందర్భాలూ ఉన్నాయి: ముక్క బరువైనది అయినప్పుడు, ఒకే జాబు వారాల తరబడి నడిచేటప్పుడు, రాత్రి షిఫ్టును మనుషులు లేకుండా కొంతసేపు నడపదలచినప్పుడు. ఈ మూడింటిలో ఒక్కటీ లేకుండా కేవలం ఆ 25 సెకన్ల కోసం కొన్న రోబో తన ఖర్చును తిరిగి రాబట్టడం కష్టం.

ఆరో అడుగు: యంత్రం తనంతట తాను ఆగేలా చేయడం

మనిషి యంత్రానికి కాపలా కాయవలసి వచ్చినంతకాలం పంపకం జరగనట్టే. జపాన్‌కు చెందిన సకిచి టొయోడా ఈ సమస్యను మగ్గం మీద పరిష్కరించారు. 1924లో పూర్తయిన ఆయన జి-రకం ఆటోమేటిక్ మగ్గం పడుగు పోగు తెగితే తనంతట తానే ఆగేది. నాడెలో పేక నూలు అయిపోవచ్చినప్పుడు మగ్గం ఆగకుండానే నాడెను మార్చుకునేది. దానితో ఒక్క కార్మికుడు పదుల సంఖ్యలో మగ్గాలను చూసుకోగలిగాడు. 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ సంస్థ దాని హక్కుల కోసం లక్ష పౌండ్ల ఒప్పందం చేసుకుంది. లోపం వచ్చిన క్షణాన ఆగే గుణమే ఆ మగ్గం అసలు విలువ.

మన లేత్‌కు దీన్ని అన్వయించడానికి పెద్ద ఖర్చు కాదు. ఇప్పటి కంట్రోలర్లలో చాలావాటిలో టూల్ ఎన్ని జాబులు కోసిందో లెక్కపెట్టి ఆపే సదుపాయం ఉంటుంది. కొన్నింటిలో జాబును తిప్పే స్పిండిల్ మీద భారం హద్దు దాటితే ఆపే సదుపాయం కూడా ఉంటుంది. వాటిని వాడని షాపులు ఎన్నో ఉన్నాయి. ముక్క జా మీద పూర్తిగా ఆనిందో లేదో గాలి పీడనంతో పసిగట్టే ఏర్పాటు, యంత్రం స్థితిని దూరం నుంచే చూపే మూడు రంగుల లైటు చేర్చాలి.

ఆగిన తరువాత ఏం చేయాలన్నది మాత్రం మనిషి పని, దాన్ని ముందే స్పష్టంగా రాసి ఉంచాలి. సైజు దిద్దుబాటు దీనికి మంచి ఉదాహరణ. డ్రాయింగు ప్రకారం వ్యాసం 25.000 నుంచి 24.979 మధ్య ఉండాలనుకుందాం. ఇన్‌సర్ట్ అరిగేకొద్దీ బయటి వ్యాసం క్రమంగా పెరుగుతుంది. కొలిచిన వాటిలో ప్రతి పదో జాబు సైజుకు గ్రాఫు మీద చుక్క పెట్టే ఆపరేటర్‌కు ఆ పెరుగుదల కనిపిస్తుంది. పై హద్దుకు చేరకముందే ఆఫ్‌సెట్ మారుస్తాడు. ప్రతి చుక్కకూ ఆఫ్‌సెట్ కదిపితే సైజు మరింత చెదురుతుంది గనుక, ఏ గీత దాటితేనే మార్చాలో గ్రాఫు మీదే గీసి ఉంచాలి. క్రమంగా పెరగవలసింది ఒక్కసారిగా ఎగిరితే ఆఫ్‌సెట్ ముట్టుకోకుండా యంత్రాన్ని ఆపి, ఇన్‌సర్ట్ అంచు విరిగిందా, జా మధ్య చిప్ ఇరుక్కుందా అని చూడాలి. కొలిచే చేతిని, అర్థం చెప్పే బుద్ధిని ఒకే మనిషిలో ఉంచడానికి కారణం ఇదే.

ఏడో అడుగు: మనిషి వంతుకు వచ్చిన పనులను కలిపి చదవడం

ఇప్పుడు పట్టికలో 'మనిషి' అని రాసిన వరుసలను మాత్రమే విడిగా కాగితం మీద ఎక్కించి చదవండి. అది ఒక పనిలా ఉందా, యంత్రం వదిలేసిన మిగుళ్లలా ఉందా? బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లీసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే ఈ చిక్కును విప్పి చెప్పారు: సులువైన పనులన్నీ యంత్రానికి వెళ్లి, యంత్రం చేతులెత్తేసిన కష్టసమయం మాత్రమే మనిషికి మిగులుతుంది, రోజూ చేయకపోవడం వల్ల ఆ సమయానికి అవసరమైన నైపుణ్యం అతని చేతిలో లేకుండా పోతుంది.

దీనికి విరుగుడు పంపకంలోనే ఉండాలి. రెండు లేత్‌లు చూసే ఆపరేటర్‌కు ఇన్‌సర్ట్ మార్చడం, ఆఫ్‌సెట్ దిద్దడం, సెట్టింగ్‌లో సెట్టర్‌కు తోడుండడం కూడా అతని పనిగానే ఇవ్వాలి. లోడర్ పెట్టిన యంత్రాన్ని కూడా నిర్ణీత వ్యవధిలో ఒకసారి చేత్తో నడిపించాలి. ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడిని నేరుగా రోబో సెల్‌లో నిలబెట్టకుండా, ముందు చేత్తో కొలవడం, చేత్తో సెట్ చేయడం నేర్పాలి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి సంస్థలకు మీ ఆపరేటర్లను శిక్షణకు పంపితే ఆ ఖర్చు యంత్రం ఖర్చులో భాగమనే లెక్కించాలి. బాధ్యత పెరిగినప్పుడు జీతమూ పెరగాలి. రెండు యంత్రాలు చూసే మనిషికి ఒక యంత్రం జీతం ఇస్తే అతను పక్క యూనిట్‌కు వెళ్లిపోతాడు, అతనితోపాటు మొదటి అడుగులో రాసిన ఆ కనిపించని పనులు కూడా వెళ్లిపోతాయి.

ఎనిమిదో అడుగు: ఇద్దరూ కలిసే చోట భద్రత

మనిషి, యంత్రం ఒకరికొకరు పని అందించుకునే చోటే ప్రమాదం ఎక్కువ. ప్రమాదకరమైన భాగాలకు కంచె ఉండాలని, 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. అయినా తలుపు తెరిస్తే యంత్రాన్ని ఆపే ఇంటర్‌లాక్‌కు అడ్డుగా అయస్కాంతమో, అదనపు తాళంచెవో పెట్టి తలుపు తెరిచి నడపడం షాపుల్లో కనిపిస్తూనే ఉంటుంది. అలా ఎందుకు చేస్తున్నారో కనుక్కోండి. చాలాసార్లు చిప్స్ చుట్టుకోవడమే కారణం అవుతుంది. చిప్‌ను చిన్న ముక్కలుగా విరిచే ఇన్‌సర్ట్ వేస్తే తలుపు తెరవవలసిన అవసరమే పోతుంది.

కంచె లేకుండా మనిషి పక్కనే పనిచేసే కోబాట్ కొనేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. చేయి తగిలితే ఆగే గుణం ఆ రోబో చేతికే ఉంటుంది, అది పట్టుకున్న వస్తువుకు ఉండదు. పదునైన అంచు గల పిన్నును ముఖం ఎత్తులో తిప్పే కోబాట్‌కు కంచె అవసరమే. రోబో భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 10218 ప్రమాణం కూడా రోబోను మాత్రమే కాక, గ్రిప్పర్, ముక్క, చుట్టుపక్కల స్థలంతో సహా మొత్తం ఏర్పాటుకు ప్రమాద అంచనా వేయమంటుంది. కరెంటు ఆపినా గాలి పీడనం గ్రిప్పర్‌లో మిగిలి ఉంటుంది గనుక మరమ్మతుకు ముందు దాన్ని కూడా వదిలి, తాళం వేసి, ఆ తాళం చెవిని లోపలికి వెళ్లే మనిషి దగ్గరే ఉంచాలి.

తొమ్మిదో అడుగు: ఒక యంత్రంతో మొదలుపెట్టి, తిరిగి చూసుకోవడం

కొత్త పంపకాన్ని ఒక్క జత యంత్రాల మీద, ఒక్క జాబు మీద అమలు చేసి, రాత్రి షిఫ్టుతో సహా కొన్ని వారాలు నడపండి. గంటకు జాబుల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతారు. యంత్రం ఎన్నిసార్లు ఆగింది, ప్రతిసారీ తిరిగి మొదలుకావడానికి ఎంత సమయం పట్టింది, ఆ ఆగడంలో ఎన్ని అబద్ధపు హెచ్చరికలు, రిజెక్షన్ ఏ గంటలో ఎక్కువ, ఆపరేటర్ కొలత వదిలేసిన సందర్భాలెన్ని అన్నవి రాయాలి. అబద్ధపు హెచ్చరికలు ఎక్కువైతే ఆపరేటర్ వాటిని చూడకుండానే రీసెట్ నొక్కడం మొదలుపెడతాడు. అప్పుడు సెన్సార్‌ను సరిచేయాలి, మనిషిని కాదు.

పట్టికను ఆరు నెలలకోసారి, అలాగే జాబు మారినప్పుడు, ముడిసరుకు సరఫరాదారు మారినప్పుడు, అనుభవజ్ఞుడైన ఆపరేటర్ మానేసినప్పుడు, ఏ చిన్న ప్రమాదం జరిగినా తిరిగి తెరవాలి. యంత్రానికి ఇచ్చిన పని సరిపడలేదని తేలితే మనిషికి తిరిగి ఇవ్వడానికి వెనుకాడకూడదు. అందుకు వీలుగా, లోడర్ పెట్టిన చోట పాత చేతి ఫిక్స్చర్‌ను పారేయకుండా నంబరు వేసి స్టోర్‌లో ఉంచాలి, చేత్తో నడిపే ప్రోగ్రాంను కంట్రోలర్‌లోనే భద్రపరచాలి, ఆ రెండూ ఎక్కడున్నాయో యంత్రం తలుపు మీద అతికించిన కాగితంలో తెలుగులో రాసి ఉండాలి.